నువ్వు మెట్లు దిగడం చూశాను

నాన్నా,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు నువ్వు మెట్లు దిగడం చూశాను. రైలింగ్ గట్టిగా పట్టుకుని, ప్రతి మెట్టుకీ కుడికాలే ముందు వేస్తూ, దాన్ని వంచకుండా దిగావు. కిందికి వచ్చాక మోకాలి చిప్ప కింద బొటనవేలితో నొక్కుకున్నావు. అడిగితే "ఏం లేదమ్మా, ఆట మొదలైతే పోతుంది" అన్నావు. ఆ మాటతోనే నాకు టెన్షన్ పట్టుకుంది.

వార్మప్‌తో తగ్గడం, మర్నాడు పొద్దున్నే మళ్లీ పట్టేయడం, ఈ నొప్పి లక్షణమే అది. చిప్పని కింది ఎముకకు కలిపే గట్టి తాడులాంటి టెండన్ రోజూ పడే భారానికి కోలుకునే తీరిక లేక దెబ్బతింటుంది. దీన్ని "జంపర్స్ నీ", అంటే ఎగిరేవాళ్ల మోకాలి నొప్పి, అంటారు. 2005లో వచ్చిన ఒక నార్వే అధ్యయనంలో, అగ్రశ్రేణి మగ వాలీబాల్ ఆటగాళ్లలో దాదాపు 45 శాతం మందికి ఇది ఉందని తేలింది.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకోటుంది. ఇది బాగా ఎగిరేవాళ్లకే ఎక్కువగా వస్తుందట. నీ జంప్ చూసి అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. అంత ఎత్తుకి లేపే బలమూ, దిగేటప్పుడు పడే బరువూ ఆ చిన్న టెండన్ మీదే పడతాయని అప్పుడు నాకు తట్టలేదు.

పైగా నీ వాలీబాల్ జట్టులో నువ్వు నెట్ దగ్గర మధ్యలో అడ్డుకునే మిడిల్ బ్లాకర్‌వి. బంతి నీకు రాకపోయినా ఎగరాలి. వెనక నిలబడి బంతి కాపాడే లిబెరోకి ఆ బాధ లేదు. పొద్దున కాలేజీ ప్రాక్టీసు, సాయంత్రం క్లబ్, వారాంతం మ్యాచ్‌లు. ఎవరి లెక్క వాళ్లదే, మొత్తం జంప్‌లు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరు. కుర్ర ఆటగాళ్లను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు కూడా వారానికి ఆడే మ్యాచ్ సెట్లు పెరిగేకొద్దీ ముప్పు బాగా పెరిగిందనే చెప్పారు. సెలవుల తర్వాత ఒక్కసారిగా పాత జోరు అందుకోవడమూ ప్రమాదమే. గట్టి నేల, బిగుసుకున్న తొడ కండరాలు కూడా తోడవుతాయి.

నిరుడు నీ చీలమండ బెణికింది గుర్తుందా? అది పూర్తిగా వంగకపోతే, దిగేటప్పుడు అది తీసుకోవాల్సిన భారం కూడా మోకాలికే పోతుంది. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించి చూడు. రెండు కాళ్లకీ తేడా ఉంటే ఫిజియోకి చెప్పు.

ఆట మానేయమనడం లేదు నాన్నా. ఊరికే విశ్రాంతి తీసుకుంటే నొప్పి తగ్గుతుంది కానీ టెండన్‌కి బలం రాదు. జంప్‌లు తగ్గించి, ఫిజియో చెప్పినట్టు బరువులతో నెమ్మదిగా స్క్వాట్లు చెయ్యాలి. దానికి నెలలు పడుతుంది. మ్యాచ్ ముందు నొప్పి మాత్ర మాత్రం వేసుకోకు.

రోజూ ఎన్ని జంప్‌లు చేశావో, మర్నాడు పొద్దున నొప్పి పదికి ఎంతుందో ఒక నోట్‌బుక్‌లో రాయి. ఆదివారం ఫోన్‌లో చదివి వినిపించు. కోచ్‌కి నువ్వే చెబుతావా, నన్ను మాట్లాడమంటావా?

అమ్మ