కాటాకు పోతున్న పాత ర్యామ్‌లు

సంపాదకులకు,

కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు డేటాను తాత్కాలికంగా ఉంచుకునే ర్యామ్‌ల ధరలు మండిపోతున్నాయని పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎగరేసుకుపోతుంటే ర్యామ్‌లలో కొత్త తరం డీడీఆర్5తో పాటు దాని ముందు తరం డీడీఆర్4 కూడా ప్రియమైపోయింది. సరిగ్గా ఇలాంటప్పుడు మా దగ్గర ఒక కాలేజీ వాళ్లు పాత కంప్యూటర్లను విప్పి చూడకుండానే పాత ఇనుప సామాన్ల వ్యాపారికి కాటా వేసి అమ్మేశారు. వాటిలో ఎక్కువ డీడీఆర్3 సిస్టమ్‌లే. ర్యామ్‌లు నిక్షేపంలా ఉన్నాయి. ఆ దారిన పోయినవి ఎక్కువగా యాసిడ్ తొట్టికే చేరతాయి, అంచున ఉండే ఆ కాస్త బంగారు పూత కోసం.

తెనాలిలో చిన్న రిపేరు షాపు నడుపుతున్నాను. పాతవన్నిటినీ ఒకే గాటన కట్టేయడం దగ్గరే వస్తోంది చిక్కంతా. 386, 486 ప్రాసెసర్ల కాలం నాటి 30 పిన్నుల సిమ్‌లు (ఫోన్ సిమ్‌లు కాదు, అప్పటి ర్యామ్ కార్డులు), ఆ తర్వాతి 72 పిన్నులవి రీసైక్లింగ్‌కు పంపాల్సినవే, అందులో వాదన లేదు. 168 పిన్నుల ఎస్‌డీర్యామ్, 184 పిన్నుల మొదటి డీడీఆర్ కూడా అంతే, ఏ ఫ్యాక్టరీలోనో పాత మిషన్‌ను నడిపే కంప్యూటర్ ఉంటే తప్ప. డీడీఆర్2తో టైపింగు, బిల్లింగు లాంటి పనులు గడుస్తాయి.

డీడీఆర్3 సంగతి వేరు. 2 జీబీ ర్యామ్‌తో నీలుగుతున్న రెండో తరం ఐ3 ప్రాసెసర్ సిస్టమ్‌కు 8 జీబీ చేసి, హార్డ్ డిస్క్ కంటే వేగమైన ఎస్ఎస్‌డీ ఒకటి తగిలిస్తే స్కూలు ల్యాబులో ఇంకా కొన్నేళ్లు హాయిగా తిరుగుతుంది.

కాకపోతే ఏది దేనికి సరిపోతుందో తెలిసుండాలి. డీడీఆర్2, డీడీఆర్3 రెండూ 240 పిన్నులే, పొడవూ ఒకటే. పిన్నుల మధ్య గాడిలా ఉండే కట్ చోటు మాత్రం వేరు. డీడీఆర్2 1.8 వోల్టులది, డీడీఆర్3 1.5 వోల్టులది. కూర్చోకపోతే బలవంతంగా నొక్కకండి, స్లాట్ పోతుంది. స్టిక్కర్ మీద పీసీ2 అని ఉంటే డీడీఆర్2, పీసీ3 అని ఉంటే డీడీఆర్3. జీ41 చిప్‌సెట్ ఉన్న పాత మదర్‌బోర్డులతో ఇంకో తిరకాసు ఉంది: 4 జీబీ డీడీఆర్3లో 16 చిప్పులున్నదాన్ని తీసుకుంటుంది, 8 చిప్పులదాన్ని తీసుకోదు. ఇది తెలియక మంచి ర్యామ్‌ను పోయిందని పక్కన పడేస్తుంటారు. ఆన్ చేయగానే బీప్ మని అరిచే కంప్యూటర్లలో చాలావాటికి ర్యామ్ అంచున ఉండే కాంటాక్టుల మీద పెన్సిల్ రబ్బరుతో నాలుగుసార్లు రుద్దితే చాలు.

ఆఫీసుల్లో పాత ర్యామ్‌లు ఇమ్మని అడిగితే మా డేటా బయటికి పోతుందంటారు. ర్యామ్‌లో ఫైళ్లు దాగి ఉండవండీ, కరెంటు తీసేస్తే అంతా ఖాళీ. భయపడాల్సింది హార్డ్ డిస్క్ గురించి. చిత్రమేమిటంటే దాన్ని మాత్రం తీయకుండానే కాటాకు వేస్తున్నారు! ఇదంతా నా వ్యాపారం కోసమని ఎవరైనా అనుకుంటే, కొత్త ర్యామ్ అమ్మితేనే నాకు నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయి.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో రీసైక్లర్లతో పాటు, బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చే రిఫర్బిషర్లకూ చోటుంది. కాబట్టి జిల్లా అధికారులకు, కాలేజీల యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా ఒక మనవి. వేలానికి ముందు ఒక మెకానిక్‌ను పిలిపించి, ర్యామ్‌లు తీయించి, రకాన్ని బట్టి వేరు చేయించండి. రెండు క్లిప్పులు పక్కకు నొక్కితే ఊడి వస్తాయి. పనిచేసేవాటిని దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూళ్ల ల్యాబులకు ఇవ్వండి. చచ్చిపోయినవి రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు పోనివ్వండి. మా పట్టణం వరకు ఏరిపెట్టే పని నేను చేసిపెడతాను, కూలి అక్కర్లేదు.

— ఒక కంప్యూటర్ మెకానిక్, తెనాలి