శీనూకి, నెక్స్ట్ ఏం చదవాలో తేల్చుకున్నాక

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా, అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వేయిపడగలు అయిపోయిందిరా, మొన్న గురువారం రాత్రి. విశ్వనాథ వారు తమ్ముడికి చెప్తూ 29 రోజుల్లో రాయించేశారంటారు, నాకు చదవడానికే రెండు నెలలు పట్టింది. అయిపోయాక సొంతూరు వదిలి వచ్చినట్టుంది, మెట్రోలో నిలబడ్డా ఆ నవల్లోని పసిరికే గుర్తొస్తున్నాడు. అలాంటి దాని తర్వాత ఏం పట్టుకోవాలో తెలీక మూడ్రోజులు ఊరికే తిరిగా.

ఆదివారం ఆబిడ్స్ వెళ్ళా, ఫుట్‌పాత్ మీద గుట్టల్లో వెతికి రెండు తెచ్చా. ఇంట్లో నువ్విచ్చిన మాలపల్లి ఎలాగూ ఉంది. ఉన్నవ వారు జైల్లో రాసింది, చదవాల్సిందే, కానీ వెంటనే ఇంకో పెద్ద ఊళ్ళోకి వెళ్ళలేనురా, సంక్రాంతి సెలవులకి దాచా. కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు పది పేజీలు చదివి ఆపేశా, బాలేక కాదు, తప్పిపోయిన సూడిపంది కోసం ముసలాయన అడవిలోకి వెళ్ళే ఒక్క రాత్రి కథ అది, ఒక్క బిగిన చదవాలి, తెల్లారితే ఆఫీసు ఉన్న రాత్రి మొదలుపెట్టకూడదు.

ఇక మిగిలింది కాలాతీత వ్యక్తులు. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల, 1957-58లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1961లోనే ఆవిడ పోయారు, ముప్పై దాటిన కొత్తల్లోనే! అది తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుందిరా. కాపీ అంచులు పసుపెక్కాయి, మధ్యలో ఎవరిదో పాత బస్సు టికెట్టు, అంకెలు చెరిగిపోయి పేజీకి అతుక్కుపోయింది. ఆ మనిషి అక్కడే ఆగిపోయారా, పూర్తి చేశారా అని చాలాసేపు చూస్తూ కూర్చున్నా.

అదే చదువుతున్నా, ఫిక్స్. వేయిపడగల్లో దేవుడికే అంకితమైపోయిన గిరికని చూసి వచ్చి, ఇందులో, ఉద్యోగం చేసుకుంటూ తన బతుకు తనే తేల్చుకునే ఇందిరని చూడాలనుంది, మధ్యలో పాతికేళ్ళు కూడా లేవు చూడు, ఆడవాళ్ళ గురించి రాయడం ఎంత మారిపోయిందో! మేడ మీద గదిలో ప్రకాశం అద్దెకుండటం దాకా వచ్చా, ఇందిర మాట్లాడుతుంటే పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టే ఉంది.

నువ్వు కూడా మొదలుపెట్టరా, కలిసి చదువుదాం, ఆదివారం ఫోన్ చేస్తా. నీకు దొరక్కపోతే నాది అయ్యాక పోస్టులో పంపిస్తా, ఆ టికెట్టు మాత్రం ఉన్నచోటే ఉంచు.

నీ,
రవి