పాత కారుకు పెద్ద కార్బురేటర్ చేటు

సంపాదకులకు,

పాత కార్ల సంరక్షణ గురించి మీరు ప్రచురించిన వ్యాసంలో ‘కార్బురేటర్ మార్చాల్సి వస్తే ఒక సైజు పెద్దది వేసుకోండి’ అన్న సలహా ఉంది. కార్బురేటర్ అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించే భాగం. ఆ సలహాను పాటిస్తే ఇంజన్ స్లోలో (పెడల్ తొక్కనప్పటి నెమ్మది వేగంలో) నిలవదు, పికప్ పోతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. అందుకే రాస్తున్నాను.

ఇంజన్ ఎంత గాలి పీల్చగలదో దాన్నిబట్టే కార్బురేటర్ ఎంచుకోవాలి. ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. 1500 సీసీ ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగితే 3750 లీటర్లు. పాత ఇంజన్లలో సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 80 శాతం వేసుకుంటే 3000 లీటర్లు. దాన్ని 28.3తో భాగిస్తే కేటలాగుల్లో కనిపించే సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) వస్తుంది: సుమారు 106. 5.7 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ కూడా అదే వేగంలో, 85 శాతం నిండినా, 430 దాటదు. దానికి 500 సరిపోతుంది. 750 బిగిస్తే వెంచురీలో (కార్బురేటర్‌లో గాలి దారి సన్నబడే చోట) గాలి వేగం పడిపోతుంది. ఆ వేగం వల్ల పుట్టే పీడన భేదమే జెట్ల (సన్నటి రంధ్రాల) నుంచి పెట్రోలును లాగుతుంది. అది తగ్గితే పెట్రోలు పొగమంచులా కాక చుక్కలుగా దిగుతుంది. పెడల్ తొక్కగానే ఇంజన్ ఒక్క క్షణం చచ్చినట్టయ్యేది ఇందుకే.

కేటలాగు చదివేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. ఫోర్ బ్యారెల్ (నాలుగు గాలి గొట్టాలున్న కార్బురేటర్) సామర్థ్యాన్ని 1.5 అంగుళాల పాదరసం పీడన భేదం దగ్గర కొలిస్తే, టూ బ్యారెల్‌ను 3 అంగుళాల దగ్గర కొలుస్తారు. 500 అని రాసిన టూ బ్యారెల్ ఫోర్ బ్యారెల్ లెక్కలో 354 మాత్రమే. అంకెలను నేరుగా పోల్చకూడదు. ఫోర్ బ్యారెల్‌లోనూ బరువైన కారు, ఆటోమేటిక్ గేర్‌బాక్సు అయితే సెకండరీలు (రెండో జత గొట్టాలు) వాక్యూమ్‌తో తెరుచుకునే రకమే మంచిది. ఇంజన్‌కు అవసరమైనప్పుడే అవి తెరుచుకుంటాయి.

అసలు పాత కార్బురేటర్ నిజంగా పాడైందా? చాలాసార్లు తప్పు ఇగ్నిషన్ టైమింగ్‌దో, కాంటాక్ట్ పాయింట్లదో అయి ఉంటుంది. ముందు అవి సరిచేయాలి. తర్వాత, ఇంజన్ ఆపి, థ్రాటిల్ షాఫ్టును (గాలి దారిని తెరిచి మూసే పలకల ఇరుసును) పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడాలి. అది లొడలొడలాడితే ఆ సందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. ఎన్ని సార్లు స్క్రూ తిప్పినా స్లో కుదరదు. రీబిల్డ్ కిట్‌లో వచ్చే గాస్కెట్లు, డయాఫ్రమ్‌తో ఈ జబ్బు నయం కాదు. బాడీని బోర్ చేసి బుష్‌లు వేయించాలి. బాడీ వంకరపోకుండా ఉంటే కొత్తది కొనడం కన్నా ఇదే మేలని నా గట్టి అభిప్రాయం. ఆ ఇంజన్‌కు కుదిరిన జెట్లు, లింకేజీ అందులో ముందే ఉన్నాయి.

కొత్తది తప్పనిసరైతే ఫ్లాంజ్ బోల్టుల దూరం, బోర్ల అమరిక, వాక్యూమ్ అడ్వాన్స్ (ఇగ్నిషన్ టైమింగ్‌ను సర్దే) గొట్టానికి, పీసీవీకి (ఇంజన్ లోపలి ఆవిర్లను మళ్లీ సిలిండర్లలోకి పంపే ఏర్పాటుకు) పోర్టులు ఉన్నాయో లేవో సరిచూసుకోవాలి. అడాప్టర్ ప్లేటుతో సర్దుకుంటే దాని అంచుల దగ్గర గాలి లీకయ్యే ప్రమాదం ఉంది. 700ఆర్4 లాంటి ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. దాని టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ థ్రాటిల్ తెరుచుకున్న మేరకు గేర్‌బాక్సులో ఆయిల్ పీడనాన్ని పెంచుతుంది. కొత్త కార్బురేటర్ లివర్ మీద కేబుల్ లాగే కోణం తేడా వస్తే పీడనం చాలక లోపలి క్లచ్‌లు జారి కాలిపోతాయి.

పెట్రోలు పంపు పీడనం కూడా చూడాలి. హోలీ కార్బురేటర్ 6, 7 పీఎస్ఐ తట్టుకుంటుంది. వెబర్ సైడ్‌డ్రాఫ్ట్‌కు 3, 3.5 చాలు. అంతకు మించితే ఫ్లోట్ నీడిల్ వాల్వ్ (కార్బురేటర్‌లోకి వచ్చే పెట్రోలును ఆపే మూత) తట్టుకోలేదు. పెట్రోలు పొంగి సిలిండర్ గోడల మీది నూనెను కడిగేస్తుంది, మంటలకూ దారితీస్తుంది. పంపు పీడనం ఎక్కువైతే రెగ్యులేటర్ పెట్టడం తప్పనిసరి.

ఎలక్ట్రిక్ చోక్‌కు (చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేలా గాలిని తగ్గించే మూతకు) కరెంటు ఇగ్నిషన్ కాయిల్ నుంచి తీసుకోవద్దు. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్లే వోల్టేజీని తగ్గించేది) ఉన్నచోట అక్కడ 12 వోల్టులు ఉండవు. చోక్ ఆలస్యంగా తెరుచుకుని ప్లగ్గులు మసిబారతాయి. పైగా స్పార్క్ బలహీనపడుతుంది. ఇగ్నిషన్ స్విచ్ ఆన్ చేసినప్పుడే 12 వోల్టులు వచ్చే వేరే వైరు వాడాలి.

బిగించాక, స్టార్ట్ చేసే ముందు, ఒకరు లోపల కూర్చుని పెడల్ పూర్తిగా తొక్కితే, ఇంకొకరు పైనుంచి చూసి థ్రాటిల్ పలకలు నిటారుగా నిలిచాయో లేదో చెప్పాలి. పెడల్ వదలగానే అవి టక్కున మూసుకోవాలి. రిటర్న్ స్ప్రింగులు రెండు పెట్టాలి, ఒకటి తెగినా రెండోది కాపాడుతుంది. ఎయిర్ క్లీనర్ మీద మెత్తటి బంకమట్టి ముద్ద పెట్టి బోనెట్‌ను నెమ్మదిగా దించి, మళ్లీ ఎత్తి చూడండి. నలిగిన ముద్ద మందం వేలంత కూడా లేకపోతే, ఇంజన్ మౌంటింగుల మీద ఊగినప్పుడు ఎయిర్ క్లీనర్ బోనెట్‌కు కొట్టుకుంటుంది.

– ఒక పాఠకుడు