కోవిడ్ వార్డు నర్సుల తరఫున కృతజ్ఞతలు

కోవిడ్ డ్యూటీల్లో మాకు అండగా నిలబడిన సైకియాట్రీ డాక్టర్లకు, కౌన్సెలర్లకు, రోస్టర్ రాసే ఇన్‌చార్జ్ సిస్టర్లకు, బ్రేక్ రిలీఫ్‌కి వచ్చిన తోటి నర్సులకు పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చేసిందేమిటో కాస్త వివరంగా రాస్తున్నాం, ఇంకో వార్డుకి పనికొస్తుందని.

"ధైర్యంగా ఉండండి" అని చెప్పి వెళ్లిపోలేదు మీరు. ముందు డ్యూటీ చార్ట్ అడిగారు. పీపీఈ (ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు) వేసుకున్నాక బాత్రూంకి వెళ్లే వీలుండదని నర్సులు నీళ్లు తాగడమే మానేస్తారు. తలనొప్పి, చిరాకు, డోసు లెక్కలో తడబాటు అక్కడే మొదలవుతాయి. పేషెంట్లను అప్పగించుకునే మనిషి లేకపోతే బ్రేక్ కాగితం మీదే మిగిలిపోతుంది. అందుకే రిలీఫ్ నర్సు పేరు కూడా రోస్టర్‌లో ఎక్కించారు. నైట్‌లో కునుకు 20 నిమిషాలు దాటొద్దని, గాఢనిద్రలోంచి లేస్తే తల మొద్దుబారుతుందని మీరు చెప్పిన మాట ఇప్పటికీ పాటిస్తున్నాం.

డాఫింగ్ (పీపీఈ విప్పడం) దగ్గర తోడు మనిషిని నిలబెట్టడం అన్నిటికన్నా పెద్ద మేలు. ఒంట్లో ఓపిక అయిపోయిన వేళే ఇన్ఫెక్షన్ అంటుకునే ప్రమాదం ఎక్కువ. పక్కనున్నామె ఒక్కో మెట్టూ పైకి చదువుతుంది: గ్లవ్స్, గౌను, చేతుల శుభ్రత, గాగుల్స్, చివర్న మాస్క్, మళ్లీ చేతులు. "ఎక్కడైనా చెయ్యి తగిలిందేమో, ఇంట్లోవాళ్లకి అంటించానేమో" అనే గుబులు సగం అక్కడే తగ్గుతుంది.

మరణాలు వరసగా జరిగిన రోజున అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పమని ఒత్తిడి చేయలేదు. అలాంటి ఒక్కరోజు డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని (ఘోరమైన అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక సమస్యని) ఆపదు, కొందరికి బాధ పెంచుతుంది కూడా. గమనించడం, చెప్పినంత వినడం, అవసరమైన సాయానికి చేర్చడం, అంతవరకే చేశారు. చాలామందిని తినేసేది భయం కన్నా అపరాధభావం: ఇంకాస్త ముందు చూసుంటే, ఊపిరి అందడానికి ఆ పేషెంట్‌ని బోర్లా తిప్పడం ఆలస్యం కాకపోయుంటే అని. లోపం సిబ్బంది చాలకపోవడమే, సిస్టర్‌ది కాదని మీరు పై అధికారుల ముందే చెప్పారు. ఆ మాట మరచిపోలేం.

పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఉందేమో చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం)లో మొత్తం స్కోరు 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తేనే పిలుస్తారనుకునేవాళ్లు ఉంటారు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా, అదే రోజు మాట్లాడారు. ఆ వివరాలేవీ నర్సింగ్ ఆఫీసుకి చేరనివ్వలేదు. చేరతాయన్న అనుమానం ఉంటే ఎవరూ నిజం రాయరు.

హడావిడిలో అణిగి ఉన్నది కేసులు తగ్గాక పైకొస్తుంది. చెవుల్లో మానిటర్ అలారాలు, పీడకలలు, ఆ వార్డు వైపు వెళ్లలేకపోవడం నెల దాటినా పోకపోతే సైకియాట్రిస్ట్‌ని కలవాలని ముందే చెప్పి, వార్డు మామూలయ్యాక కూడా నైట్ డ్యూటీ దిగే టైంకి కౌన్సెలింగ్ కొనసాగిస్తున్నందుకు మరీ మరీ కృతజ్ఞతలు.