సంఘీభావ తీర్మానం గురించి

కామ్రేడ్స్,

ఉక్రెయిన్ యుద్ధంపై నిన్న రాత్రి గ్రూపులో సాగిన వాదన మొత్తం చదివాను. అమెరికాను ఎదిరించే ప్రతి ప్రభుత్వమూ మన పక్షమేనన్న మాటను నేను అంగీకరించలేను. అలాగని రష్యా దాడిని ఖండిస్తూ నాటో విస్తరణ ఊసే ఎత్తకపోవడమూ న్యాయం కాదు.

ఈ చీలిక పాతదే. 1914 ఆగస్టు 4న జర్మన్ సోషల్ డెమోక్రాట్లు, అంటే అక్కడి సోషలిస్టు పార్టీ వారు, పార్లమెంటులో మొదటి ప్రపంచ యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం కోరిన రుణాలను ఆమోదించారు; అదే డిసెంబరులో మళ్లీ ఓటింగు జరిగినప్పుడు ఆ పార్టీకే చెందిన కార్ల్ లీబ్‌నెక్ట్ ఒక్కరే వ్యతిరేకంగా ఓటు వేశారు. మరుసటి సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని జిమ్మర్‌వాల్డ్ గ్రామంలో యుద్ధాన్ని వ్యతిరేకించే 38 మంది సోషలిస్టు ప్రతినిధులు సమావేశమైనప్పుడు, అక్కడ కూడా మైనారిటీలోనే ఉన్న లెనిన్ పక్షం తన అభ్యంతరాలను విడిగా రాసిపెట్టి, ఉమ్మడి ప్రకటనపై సంతకం చేసింది. నన్ను బాగా ఆలోచింపజేసేది ఈ ఘటనే. 1968లో సోవియట్ ట్యాంకులు చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లోకి వచ్చినప్పుడు ఇటలీ, ఫ్రాన్స్ కమ్యూనిస్టు పార్టీలు తప్పుపట్టాయి, క్యూబా నేత కాస్ట్రో సమర్థించారు.

కనుక మన తీర్మానంలో దాడికి గురైన ప్రజల పేరు, రెండు దేశాల్లోనూ యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్న కార్మికుల ప్రస్తావన ముందు రావాలని, ప్రభుత్వాల గురించిన అంచనా ఆ తర్వాతే ఉండాలని నా ప్రతిపాదన. ఏకీభవించని వారు దయచేసి గ్రూపు విడిచి వెళ్లకుండా, తమ అభ్యంతరాన్ని విడి నోటుగా పంపండి. దాన్నీ తీర్మానానికి జతచేస్తాను.