మా పిల్లల గదికి తాళం తీయించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

గుంటూరు నుంచి ఒక గార్మెంట్ కంపెనీ టైలర్ నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

అయ్యా, ఈ విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. మొదటి రెండింటికి జవాబే లేదు. మూడోదానికి మాత్రం 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ రోజు కూడా మా కంపెనీ క్రెష్‌కి, అంటే పనిచేసే తల్లుల పిల్లల్ని ఉంచే గదికి, తాళమే ఉంది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఆ గది గేటు పక్కనే ఉంటుంది. బయట బోర్డు ఉంది, గోడ మీద కుందేలు బొమ్మ కూడా వేయించారు. లోపల అట్టపెట్టెలు, పాత మిషన్ స్టాండ్లు. ఆడిట్ వాళ్లు వస్తున్నారంటే ముందు రోజు సాయంత్రం అవన్నీ తీసేసి ఊయల కడతారు. పోయినసారి పిల్లల్ని తెచ్చుకోమని మాకే చెప్పారు. మా పాపను తీసుకెళ్లాను. ఆ ఒక్క రోజు మధ్యాహ్నం కడుపునిండా పాలిచ్చాను. మర్నాడు మళ్లీ తాళం పడింది.

పాపకిప్పుడు పదో నెల. పొద్దున ఏడింటికి బస్సెక్కితే ఇంటికొచ్చేది రాత్రి ఏడున్నరకి. అందాకా మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మే పాపను చూసుకోవాలి. పదకొండయ్యేసరికి నాకు పాలు చేపుకొస్తాయి. జాకెట్ తడిసి, పైన కోటు మీదికి మరక వస్తుంది. బాత్రూంలోకెళ్లి పిండి పారబోస్తాను. ఐదు నిమిషాలు దాటితే నా మిషన్ దగ్గర కుట్టాల్సిన బట్టల కట్టలు పేరుకుపోతాయి, టార్గెట్ పోయిందని సూపర్‌వైజర్ లైనంతా వినబడేలా అరుస్తాడు. అదే వేళకు ఇంట్లో నా బిడ్డ డబ్బాపాలు తాగుతుంటుంది. పారబోసేటప్పుడు ఏడుపు ఆగదండీ.

ప్రసూతి సెలవుల గురించిన చట్టం మీకు తెలియనిది కాదు. 26 వారాల సెలవు నాకూ వచ్చింది, కాదనను. కానీ 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా అందులోనే ఉంది కదా. మా దగ్గర ఒక్కసారికే దిక్కు లేదు.

వ్యవసాయం తర్వాత ఎక్కువ మందికి పని ఇచ్చేది జౌళి రంగమేనని సభల్లో చెబుతారు. నిజమే, మా ఇల్లు గడిచేది ఈ జీతంతోనే. మిషన్ల మీద కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లమే. నాతో చేరిన మంచి చేయి తిరిగిన టైలర్లు కాన్పుకని వెళ్లి మళ్లీ రాలేదు. బిడ్డను ఎక్కడ పెట్టి రావాలి?

దయచేసి ఆ తాళం తీయించండి. ఒక ఆయాను పెట్టించండి. తనిఖీకి ముందుగా కబురు చేయకుండా మనుషుల్ని పంపండి, వీలైతే మీరే రండి. పదకొండు గంటలకు రండి. పాలిచ్చే తల్లికి విరామాలు బిడ్డకు 15 నెలలు నిండేదాకే అని చట్టంలో ఉంది. మా పాపకు ఇంకా ఐదు నెలలే మిగిలాయి.

ఇట్లు,
ఒక గార్మెంట్ టైలర్,
గుంటూరు