ఆ కొత్త డిటెక్టర్ రాదు, కారణం ఇదీ

కొత్త మోడల్ మెటల్ డిటెక్టర్ కోసం అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకు: అది రాదు. వచ్చిన లాట్ మొత్తం తిప్పి పంపేశాను. ఎవరి అడ్వాన్స్ వారికి వెనక్కి ఇచ్చేస్తాను, టెన్షన్ వద్దు.

నేలకు తగ్గట్టు మెషీన్‌ని సర్దే గ్రౌండ్ బ్యాలెన్స్‌ని చేత్తో సరిచేసుకోవచ్చని సప్లయర్ మాటిచ్చాడు. పెట్టె మీదా అదే అచ్చు వేశారు. నాబ్ అయితే ఉంది కానీ అది తిప్పితే మారేది వెనకాల వినిపించే సన్నటి హమ్మింగే. విప్పి చూస్తే అసలు సర్దుబాటు లోపల బోర్డు మీద చిన్న స్క్రూలో ఉంది. ఫ్యాక్టరీలోనే తిప్పేసి, కదలకుండా పైన రంగు చుక్క పెట్టారు.

ఇనుప ఖనిజం ఎక్కువున్న నేలలో మట్టే సిగ్నల్ ఇస్తుంది. దాన్ని రద్దు చేయడానికే గ్రౌండ్ బ్యాలెన్స్. లోహం లేని చోట, అన్ని లోహాలకూ పలికే ఆల్ మెటల్ మోడ్‌లో పెట్టి, కాయిల్‌ని (కర్ర చివరి చుట్టని) నేలకు దగ్గరగా దించుతూ లేపుతూ ఉంటే శబ్దం ఒకేలా ఉండాలి. ఈ మెషీన్ ఇనుప ఖనిజం నిండిన నల్ల ఇసుక మీద దించిన ప్రతిసారీ నిధి దొరికినట్టే అరిచింది.

సప్లయర్‌ని అడిగితే, "మీ కస్టమర్లకు వాడటం రాదు. సెన్సిటివిటీ తగ్గించి డిస్క్రిమినేషన్‌లో వెతుక్కోమనండి" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారని మిమ్మల్ని వెక్కిరించడమన్నమాట. ఇక్కడ మద్దెలే ఓటిది! సెన్సిటివిటీ తగ్గిస్తే లోతు పోతుంది. డిస్క్రిమినేషన్ అంటే చెత్త లోహాలకు పలకకుండా వదిలేయడం. దాన్ని పెంచుకుంటూ పోతే సిగరెట్ రేకుతో పాటు సన్నటి బంగారు ఉంగరమూ మాయమవుతుంది, రెండూ మెషీన్‌లో దాదాపు ఒకేలా పలుకుతాయి కాబట్టి. నా దగ్గర ఏళ్లుగా కొంటున్నవాళ్లకు ఇది తెలియదనుకున్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం వేరే విషయం. ఆ రంగు చుక్క గీకేసి స్క్రూ మేమే సరిచేసి అమ్మొచ్చు కదా? మా టెక్నీషియన్‌కి అది చిటికెలో పని. మీరు ఎదురుచూస్తున్నారు, నా డబ్బు అందులో ఇరుక్కుపోయింది. కానీ ఏ నేలకని సరిచేయాలి? నల్ల ఇసుకకు కుదిర్చితే మామూలు తోట మట్టిలో తప్పుతుంది. సముద్రపు తడి ఇసుకలో ఇబ్బంది పెట్టేది ఇనుము కాదు, ఉప్పునీటిలో పారే కరెంటు. దానికి సెట్టింగ్ ఇంకెక్కడో ఉంటుంది. మీరందరూ ఒకే నేల మీద తిరగరు. చివరికి పెట్టెలన్నీ మళ్లీ టేపు వేయించాను.

పాత మోడళ్ల సర్వీసు, అద్దె యథాప్రకారం. అద్దెకు తీసుకున్నవాళ్లు నేల మారినప్పుడల్లా బ్యాలెన్స్ మళ్లీ చేసుకోండి. మెషీనే బ్యాలెన్స్ సరిచేసుకుంటూ పోయే ఆటో ట్రాకింగ్ ఆన్‌లో ఉంచి, సన్నగా పలికిన చోటే పదే పదే కాయిల్ ఊపకండి. మెషీన్ ఆ సిగ్నల్‌నీ మట్టే అనుకుని మింగేయొచ్చు. అలాంటప్పుడు ట్రాకింగ్ ఆపేసి చూడండి.

సప్లయర్ మళ్లీ ఫోన్ చేసి ధర తగ్గిస్తానన్నాడు. వద్దన్నాను. ఆర్డర్ వేరేచోట పెట్టాను, అక్కడినుంచి వచ్చినవైనా నల్ల ఇసుక మీద ఒక్కొక్కటీ ఆడించి చూశాకే అమ్ముతాను. అందాకా ఆగలేనివాళ్లు బయట కొనుక్కోండి, ఏమీ అనుకోను. సరే, కొంచెం అనుకుంటాను.